ఆన్‌లైన్ చదువుల నాణ్యత: ఎవరి కొలత, దేని కొలత?

వరంగల్‌లో ఇవాళ ఆన్‌లైన్ చదువు అనే ఒక్క పేరు కింద ఒకదానికొకటి పొంతన లేని వ్యవహారాలు చాలానే నడుస్తున్నాయి. ఇంజినీరింగ్ విద్యార్థులు క్రెడిట్ల కోసం స్వయం, ఎన్‌పీటెల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల కోర్సుల్లో చేరుతున్నారు. ఎన్‌ఐటీలోని ఎలక్ట్రానిక్స్, ఐసీటీ అకాడమీ పొరుగు రాష్ట్రాల అధ్యాపకులకు కూడా శిక్షణ ఇస్తోంది. కాకతీయ విశ్వవిద్యాలయానికి దూరవిద్యా కేంద్రం ఉంది. సర్కారు బడుల పిల్లలకు టీ-శాట్ టీవీ పాఠాలున్నాయి. నయీంనగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కూ నీట్‌కూ చదివేవాళ్ల ఫోన్లలో డబ్బు కట్టి కొనుక్కున్న యాప్‌లున్నాయి. 2022 సెప్టెంబరులో యునెస్కో తన ప్రపంచ అభ్యసన నగరాల బృందంలోకి కేరళలోని త్రిశూర్, నీలంబూర్‌లతో పాటు వరంగల్‌ను కూడా తీసుకుంది. చదువుల ఊరన్న పేరు ఇలా అంతర్జాతీయంగా కూడా దక్కింది.

వీటిలో ఏది నాణ్యమైనదని అడిగితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెబుతారు. ఒకరు ఎంతమంది చేరారో చెబుతారు, ఇంకొకరు అధ్యాపకుల పేర్లు చూపిస్తారు, మరొకరు ర్యాంకుల ఫ్లెక్సీ కడతారు. ఈ కొలతలు ఎక్కడ పుట్టాయో, దేనికి పనికొస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని. చెప్పదలచుకున్న మాట కూడా ఒకటుంది. వాడుకలో ఉన్న కొలతల్లో ఎక్కువ భాగం ఇచ్చేవాళ్లు ఏమిచ్చారో కొలుస్తున్నాయి. నేర్చుకునేవాడు తప్పు చేసినప్పుడు ఆ తప్పు ఏమవుతోందో కొలిచేవి చాలా తక్కువ.

ప్రశ్న పాతదే

తెర మీది చదువు కరోనాతో వచ్చింది కాదు. 1975-76లో సైట్ ప్రయోగం కింద ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో మొదలైంది. ఇవాళ్టి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డే తర్వాత 1985లో వచ్చిన ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి అయ్యారు. 1980ల చివరికి కాకతీయ విశ్వవిద్యాలయం కూడా దూరవిద్యలోకి దిగింది. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన విద్యా చానల్ మన టీవీ 2017లో తెలంగాణలో టీ-శాట్‌గా మారింది. 2020 సెప్టెంబరు 1న బడులు మూసి ఉండగానే పాఠాలు మొదలుపెట్టడానికి ప్రభుత్వం ఆధారపడింది దాని మీద, దూరదర్శన్ యాదగిరి మీద.

ఆ తొలితరం దూరవిద్యకు నాణ్యత అంటే మూడు సంగతులు: అచ్చయిన పాఠం, ఆదివారం అధ్యయన కేంద్రంలో కౌన్సెలింగ్ తరగతి, హాలులో కూర్చుని రాసే పరీక్ష. పాఠం విషయంలో ఆ తరం గెలిచింది. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎన్నడూ పేరు నమోదు చేసుకోని వాళ్లు కూడా పోటీ పరీక్షల కోసం ఆ తెలుగు పుస్తకాలు వెతికి కొనుక్కుంటారు. ఏ అక్రిడిటేషన్ సంఘమూ ఇవ్వలేని యోగ్యతాపత్రం అది. కౌన్సెలింగ్ తరగతికి వచ్చేవాళ్లు పలచబడిన చోట మాత్రం విద్యార్థి తప్పును దిద్దే మనిషి లేకుండా పోయాడు. ఈ లోటే తర్వాతి ప్రతి తరానికీ సంక్రమించింది.

మాధ్యమం వల్లా, బోధన వల్లా?

పరిశోధకుల మధ్య మొదటి పెద్ద వాదం 1983లో రిచర్డ్ క్లార్క్ లేవనెత్తాడు. మాధ్యమం ఏదైనా నేర్చుకోవడంలో తేడా రాదని, తేడా తెచ్చేది బోధన పద్ధతేనని ఆయన పట్టు. రాబర్ట్ కోజ్మా 1991లోనూ 1994లోనూ దాన్ని ఎదిరించాడు. కొన్ని బోధన పద్ధతులు కొన్ని మాధ్యమాల్లోనే సాధ్యమని, రెంటినీ విడదీసి చూడలేమని ఆయన వాదం. 1999లో థామస్ రస్సెల్ 355 అధ్యయనాలు పోగుచేసి, దూరవిద్యకూ తరగతి గదికీ చెప్పుకోదగ్గ తేడా లేదని పుస్తకమే వేశాడు. 2010లో అమెరికా విద్యాశాఖ తెచ్చిన సమగ్ర విశ్లేషణ ఇంకో అడుగు ముందుకేసి, తరగతి బోధనకు ఆన్‌లైన్ జోడించిన చోట ఫలితాలు కాస్త మెరుగని తేల్చింది. అదే నివేదికలో ఒక హెచ్చరిక కూడా ఉంది. అలాంటి చోట్ల విద్యార్థులకు అదనపు సమయం, అదనపు పాఠ్యసామగ్రి కూడా దక్కాయి కనుక మెరుగుదలను మాధ్యమం ఖాతాలో వేయకూడదని.

ఆన్‌లైన్ మంచిదా, తరగతి మంచిదా అన్న ప్రశ్నకు ఇక్కడితో కాలం చెల్లినట్టే లెక్క. మన పత్రికల్లో, సభల్లో ఇంకా అదే ప్రశ్న తిరుగుతుండటం వల్ల అసలు ప్రశ్న పక్కకు పోతోంది.

ఇచ్చేదాన్ని కొలిచేవారు

మొదటి వర్గం పాఠం నిర్మాణాన్ని చూస్తుంది. లక్ష్యాలు స్పష్టంగా ఉన్నాయా, పరీక్ష ఆ లక్ష్యాలకు సరిపోతుందా, పేజీ తేలిగ్గా తెరుచుకుంటుందా అని పట్టిక వేసి మార్కులిస్తుంది. అమెరికాలో 2003లో మొదలైన క్వాలిటీ మ్యాటర్స్ ఈ బాటకు పేరున్న నమూనా. మన దగ్గర యూజీసీ 2020 నిబంధనలదీ ఇదే తోవ. ఆన్‌లైన్ డిగ్రీ నడపాలంటే న్యాక్ గుర్తింపులో 3.01 స్కోరైనా ఉండాలి, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలోనైనా ఉండాలి. ఇది సంస్థ తలుపు దగ్గర పెట్టిన కాపలా. లోపల ఒక్కో కోర్సు ఎలా ఉందో అది చెప్పదు.

నిర్మాణాన్ని కొలిచినప్పుడే బయటపడిన ఒక విషయం మాత్రం చాలా విలువైనది. 2015లో మార్గర్యాన్, బియాంకో, లిటిల్‌జాన్ 76 మూక్‌లను, అంటే అందరికీ తెరిచిన భారీ ఆన్‌లైన్ కోర్సులను, బోధనా సూత్రాల గీటురాయి మీద పరీక్షించారు. అమరికలో, ప్రదర్శనలో చాలా కోర్సులు బాగానే నిలిచాయి. నిజజీవిత సమస్యల మీద సాధన చేయించడంలో, నిపుణుడి దిద్దుబాటు అందించడంలో ఎక్కువ శాతం కింద పడ్డాయి.

తలలు లెక్కపెట్టేవారు

రెండో వర్గానిది మార్కెట్ భాష. ఎంతమంది చేరారు, ఎన్ని నక్షత్రాలు వేశారు, ఎంతమంది పూర్తి చేశారు అన్నవే దాని కొలతలు. 2012లో కోర్సెరా, ఎడ్‌ఎక్స్ వచ్చినప్పుడు లోకమంతా చేరికల సంఖ్యనే చూసి మురిసింది. 2019లో జస్టిన్ రైక్, హోసే రుయిపెరెస్-వాలియెంటే సైన్స్ పత్రికలో ప్రచురించిన విశ్లేషణ ఆ మురిపాన్ని నేలకు దించింది. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఎడ్‌ఎక్స్‌లో నడిపిన కోర్సుల్లో ఆరేళ్ల కాలంలో చేరిన 56 లక్షల మందికి పైగా అభ్యాసకుల లెక్కలు వాళ్లు చూశారు. పేరు నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా ఒక్క పాఠమూ తెరవలేదు. 2017-18లో పూర్తి చేసినవారు 3.13 శాతం. డబ్బు కట్టి ధ్రువీకరణ తీసుకున్నవారిలో మాత్రం అది 46 శాతం.

ఈ అంకెల్ని చూపించి మూక్‌లు విఫలమయ్యాయని తీర్పు చెప్పినవాళ్లున్నారు. అది తొందరపాటు. ఒక్క పాఠం కోసం వచ్చి, అది నేర్చుకుని వెళ్లిపోయినవాడు ఓడినట్టు కాదు. అయితే చేరికల సంఖ్యను నాణ్యతకు గుర్తుగా చూపించడం అంతకన్నా పెద్ద తొందరపాటు. కళాశాలల గోడల మీద కనిపించే వేల సర్టిఫికెట్ల లెక్క కూడా ఈ కోవలోదే.

తృప్తి సర్వేల సంగతి ఇంకా చిక్కు. 2019లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర తరగతుల మీద డెలోరియే బృందం చేసిన ప్రయోగంలో, తామే సమస్యలు చేస్తూ నేర్చుకున్న విద్యార్థులకు పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చాయి. కానీ ఎక్కువ నేర్చుకున్నామని భావించింది మాత్రం సాఫీగా సాగిన ఉపన్యాసం విన్నవాళ్లే. ఐదు నక్షత్రాలు పడిన పాఠం వినడానికి హాయిగా ఉందనుకోవచ్చు. దానివల్ల ఏమైనా వచ్చిందా అన్నది వేరే సంగతి.

నేర్చుకున్నది కొలిచేవారు

మూడో వర్గానిది కష్టమైన దారి. కొందరిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి ఆ వేదిక ఇస్తారు, మిగిలినవారికి ఇవ్వరు, చివర్లో ఇద్దరికీ ఒకే పరీక్ష పెడతారు. మన దేశంలో ఈ దారిలో అందరూ ఉదహరించేది కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ దిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ అభ్యసన వేదిక మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం. అందులో పాల్గొన్నది 619 మంది పిల్లలు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మెరుగుదల కనిపించింది. విద్యా రంగంలో ఇది పెద్ద మార్పు.

అది ఎందుకు పనిచేసిందో అర్థం కావాలంటే పిల్లవాడి తప్పును దగ్గరగా చూడాలి. 0.25, 0.3లలో ఏది పెద్దదని అడిగితే చాలామంది 0.25 అంటారు. మూడు కన్నా ఇరవై అయిదు పెద్దది కదా! ఇంకొకడు అసలు చదవకుండానే మొదటి అంకె నొక్కాడు. ఇద్దరి జవాబూ ఒకటే, జబ్బు మాత్రం వేరు. వీడియో పాఠానికి ఈ తేడా తెలియదు, మళ్లీ మొదటి నుంచి చూపిస్తుంది. స్థాయిని బట్టి మారే వేదిక మొదటివాడిని దశాంశ స్థానాల దగ్గరకు తీసుకెళ్లి, అక్కడ కుదురుకున్నాకే ముందుకు పంపుతుంది. దిల్లీ పిల్లల్లో ఆరో తరగతివాళ్లు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు. వాళ్లున్న చోటికి పాఠం దిగి వచ్చింది.

ఇంతా చేసి ఇందులో రెండు మెలికలున్నాయి. పిల్లలు మైండ్‌స్పార్క్ కేంద్రంలో గడిపిన గంటన్నరలో సగమే కంప్యూటర్ ముందు, మిగతా సగం చిన్న బృందంలో మనిషి దగ్గర. కాబట్టి మెరుగులో ఎంత వాటా యంత్రానిది, ఎంత మనిషిది అన్నది విడదీయడం తేలిక కాదు. రెండోది, బడిలో పెట్టిన తరగతి స్థాయి లెక్కల పరీక్షలో ఆ మెరుగుదల కనబడలేదు. పిల్లవాడు నాలుగో తరగతి నుంచి ఆరుకు ఎదిగితే తొమ్మిదో తరగతి ప్రశ్నపత్రానికి ఆ ఎదుగుదల పట్టదు. బడి పరీక్ష మార్కులతోనే వేదికను తూచి ఉంటే దీన్ని పనికిరాదని పక్కన పెట్టేవాళ్లం.

ఒక సర్టిఫికెట్‌ను విప్పి చూస్తే

2003లో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ 2014 నుంచి సర్టిఫికెట్లు ఇస్తోంది. స్వయం 2017 జులై 9న మొదలైంది. ఒక సెమిస్టర్‌లో 20 శాతం వరకు కోర్సులు స్వయం ద్వారా చదువుకోవచ్చని 2016లో యూజీసీ అనుమతించింది, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. అంటే డిగ్రీలో గణనీయమైన భాగం బరువు ఇప్పుడు ఈ సర్టిఫికెట్ మోయగలదు.

చాలా కోర్సుల్లో లెక్క ఇలా ఉంటుంది. పన్నెండు వారాల కోర్సులో వారానికొక అసైన్‌మెంట్, వాటిలో మేలైన ఎనిమిదింటి సగటుకు 25 మార్కులు. కేంద్రానికి వెళ్లి గుర్తింపు కార్డు చూపించి రాసే పరీక్షకు 75. గట్టెక్కాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రావాలి. మొత్తం 60కి చేరితే సర్టిఫికెట్ మీద ఎలైట్ అని పడుతుంది. అసైన్‌మెంట్ జవాబులు గడువుకు ముందే టెలిగ్రామ్‌లో, యూట్యూబ్‌లో తిరుగుతుంటాయన్నది విద్యార్థులందరికీ తెలిసిందే. వాటిని చూసి రాసినవాడికి 25కు 25 వస్తాయి. ఇక పరీక్షలో 75కు 35 తెచ్చుకుంటే చాలు, 60 అయి ఎలైట్ చేతికొస్తుంది. అసలు పరీక్షలో సగం కూడా రాకుండానే!

ఈ లెక్క చూసి ఎన్‌పీటెల్‌ను తీసిపారేయడం అన్యాయం అవుతుంది. మనిషి స్వయంగా కేంద్రానికి వెళ్లి రాసే పరీక్ష ఉండటం దాని అసలైన బలం. ప్రైవేటు యాప్‌ల సర్టిఫికెట్లలో చాలావాటికి ఆ మాత్రం కాపలా లేదు. బలహీనత ఎక్కడుందంటే అసైన్‌మెంట్ దగ్గర. గడువు ముగిశాక సరైన జవాబు కనిపిస్తుంది, తనది ఎందుకు తప్పయిందో విద్యార్థికి విడిగా చెప్పేవారుండరు. చర్చావేదికలో అడగవచ్చు, అడగడం తెలిసినవాడు అడుగుతాడు. వరంగల్ కళాశాలల్లో ఎన్‌పీటెల్‌కు అధ్యాపక మార్గదర్శకుడు అనే పాత్ర ఉంది. అది నమోదుకు, ఫీజు గుర్తుచేయడానికి పరిమితమైతే సర్టిఫికెట్ల సంఖ్య పెరుగుతుంది. వారానికి ఒక గంట తప్పులు దిద్దే పనిగా మారితే అదే కోర్సు నాణ్యత మారిపోతుంది. వేదిక మారలేదు, నిర్మాణం మారలేదు, నాణ్యత మాత్రం మారింది. పట్టిక వేసి మార్కులిచ్చే పద్ధతికి ఇది అంతుపట్టదు.

ఎవరికి అందింది

నాలుగో వర్గం నాణ్యతకూ అందుబాటుకూ మధ్య గీత గీయడానికి ఒప్పుకోదు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న గ్రామీణ కుటుంబాలు 14.9 శాతం, పట్టణాల్లో 42 శాతం. అసర్ అనే గ్రామీణ విద్యా సర్వేలో 2020లో, బడిలో పేరున్న గ్రామీణ పిల్లల ఇళ్లలో 61.8 శాతానికి స్మార్ట్‌ఫోన్ చేరినట్టు తేలింది. రెండేళ్ల ముందు అది 36.5 శాతమే. అయినా సర్వే జరిగిన వారంలో బడి నుంచి ఏదైనా పాఠ్యసామగ్రి అందినవాళ్లు మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. పరికరం చేరడం ఒకటి, పాఠం చేరడం మరొకటి.

ఇక్కడ టీ-శాట్, యాదగిరి ప్రసారాలకు దక్కాల్సిన మన్నన దక్కలేదు. యాప్‌తో పోలిస్తే టీవీ పాఠం వెనుకబడిన సాధనం. అది ప్రశ్న అడగదు, జవాబు వినదు. కానీ డేటా లేని ఇంటికి కూడా వెళ్తుంది, తెలుగులో మాట్లాడుతుంది. మొదటి మూడు వర్గాల కొలతల్లో ఎక్కడో అడుగున పడే ఈ ప్రసారం నాలుగో కొలతలో పైకి వస్తుంది. దిల్లీ కేంద్రాల నమూనా దీనికి తలకిందులు. ఫలితంలో పైన, అందుబాటులో కింద. నయీంనగర్ విద్యార్థి ఫోన్‌లోని ఖరీదైన యాప్ నక్షత్రాల్లో గెలిచి, స్వతంత్రమైన పరీక్షకు నిలబడకుండానే మిగిలిపోతుంది. అన్ని కొలతల్లోనూ ముందుండే వేదిక ఏదీ లేదు. ఉందని ప్రకటించేవారిని నమ్మనక్కరలేదు.

అమ్మేవారే అంచనా వేస్తే

కరోనా కాలంలో ప్రైవేటు వేదికల విషయంలో ఈ కొలతలన్నీ గాలికి పోయాయి. ప్రకటనే అంచనాగా చెలామణి అయింది. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులను హెచ్చరించాల్సి వచ్చింది. ఉచితమన్న మాటను పరిశీలించండి, ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు కోసుకునే ఏర్పాటుకు ఒప్పుకోకండి అని. మరుసటి నెలలో కంపెనీలే ఒక సంఘంగా ఏర్పడి స్వీయ నియంత్రణ నియమావళి ప్రకటించుకున్నాయి. అదే నెలలో, ఎడ్‌టెక్ సంస్థలతో ఫ్రాంచైజీ ఒప్పందాల ద్వారా డిగ్రీలు నడపకూడదని యూజీసీ విశ్వవిద్యాలయాలకు స్పష్టం చేసింది.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్‌తో ఒప్పందం చేసుకుని, ఆ ఏడాది డిసెంబరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు ఆ పాఠాలున్న ట్యాబ్‌లు ఇచ్చింది. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. నాణ్యతా పట్టికల్లో ఎక్కడా కనబడని ఒక ప్రశ్నను ఈ ఉదంతం ముందుకు తెచ్చింది: పిల్లవాడి చదువు ముగిసేదాకా ఈ వేదిక బతికుంటుందా? అచ్చు పుస్తకానికి ఈ బెడద లేదు. ప్రచురణకర్త మూతపడినా పుస్తకం ఇంట్లో ఉంటుంది. మూడేళ్ల చందా ముందే కట్టించుకునే యాప్‌ను తూచేటప్పుడు ఆ సంస్థ ఆర్థిక స్థితి కూడా నాణ్యతలో భాగమే అవుతుంది.

తేలనివి

మొదటిది కాలం. దిల్లీ ఫలితం నాలుగున్నర నెలలది. నాలుగేళ్లకు అది నిలుస్తుందో కరిగిపోతుందో ఆ అధ్యయనంతో తేలదు. రెండోది భాష. పేరున్న అధ్యయనాలు హిందీ, ఇంగ్లిషు చుట్టూ తిరిగాయి. ఒత్తులు, గుణింతాల దగ్గర తడబడే తెలుగు పిల్లవాడి తప్పులు వేరు. ఎన్‌పీటెల్ పాఠాలకు తెలుగు అనువాదాలు వస్తున్నాయి, కానీ అనువాదం చదివినవాడికి ఇంగ్లిషు ప్రశ్నపత్రంలో అది ఎంత అక్కరకొచ్చిందో కొలవడం మిగిలే ఉంది.

మూడోది కృత్రిమ మేధ. తుర్కియేలో దాదాపు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో జరిగి 2025లో ప్రచురితమైన బస్తానీ బృందం ప్రయోగం ఇక్కడ కీలకం. చాట్‌బాట్‌ను చేతికిచ్చినప్పుడు విద్యార్థులు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్ల కన్నా 17 శాతం వెనుకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా తీర్చిన బాట్ వాడినవాళ్లకు ఆ నష్టం చాలావరకు తప్పింది. సాధనలో వచ్చిన మార్కులనే చూపించే యాప్ ఏదైనా ఈ ప్రయోగం ముందు సమాధానం చెప్పుకోవాల్సిందే.

2025లో తెలంగాణ ప్రాథమిక పాఠశాలల్లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో, భాషలో, లెక్కల్లో వెనుకబడిన పిల్లల కోసం ఏఐ ఆధారిత సాధన మొదలైంది. ఇలాంటి పథకంలో కంప్యూటర్లు, ఇంటర్నెట్ అన్ని బడులకూ ఒకేసారి చేరవు. వరంగల్, హనుమకొండ జిల్లాల్లో ఏ బడికి ముందు, ఏ బడికి తర్వాత అన్నది లాటరీతో తేల్చి, రెండు రకాల బడుల్లోనూ కంప్యూటర్ లేకుండా కాగితం మీద ఒకే తెలుగు చదివే పరీక్ష, ఒకే లెక్కల పరీక్ష పెట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. వేదిక ఇచ్చిన సంస్థకూ, దాన్ని ప్రారంభించిన శాఖకూ సంబంధం లేనివారు ప్రశ్నపత్రం తయారుచేయాలి. అంకెలు లెక్కగట్టగలిగే ఎన్‌ఐటీ, బోధన తెలిసిన కాకతీయ విశ్వవిద్యాలయ విద్యా విభాగం ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఈ రెంటిలో ఏది ముందుకొస్తుంది, వచ్చిన ఫలితం ప్రతికూలంగా ఉన్నా దాన్ని బయటపెట్టడానికి ప్రభుత్వం ముందే రాతపూర్వకంగా ఒప్పుకుంటుందా అన్నవి ఇంకా జవాబు రావాల్సిన ప్రశ్నలు.